నలభై ఒకటో గుండు

చిలిక సరస్సులోని మఝికుద దీవిలో నలభై ఒక్క పొయ్యిలున్నాయి. మనుషులు ఎంతమందంటే ఎవరూ ఠక్కున చెప్పలేరు. పుట్టేవాళ్ళు పుడుతుంటారు, సూరత్ మిల్లులకు పోయేవాళ్ళు పోతుంటారు. పొయ్యిలు మాత్రం నలభై ఒక్కటే. పొయ్యికో మట్టిగుండు. వలకు కట్టే గుండు లాంటిదే, కాకపోతే కాస్త పెద్దది, ఉసిరికాయకు రెండింతలు ఉంటుంది. మీద ఆ ఇంటి గుర్తు గీసి కాల్చి ఉంటుంది. ఒకరిది కొంగ, ఒకరిది తామరాకు, ఒకరిది చుక్కాని. పిల్లలంతా బడికి పోయి చదువు నేర్చాక కూడా ఎవరూ గుండు మీద పేరు రాయలేదు. గుర్తు చూస్తే ఇల్లు కళ్ళముందు కనబడుతుంది, పేరు చూస్తే ఏం కనబడుతుంది?

ఏడాది పొడుగునా ఆ గుండు పొయ్యి పక్కనే ఉంటుంది, మసి పట్టి నల్లగా. దసరా వెళ్ళాక వచ్చే కుమార పున్నమి ముందు నిశామణి ఇల్లిల్లూ తిరిగి చేటలో గుండ్లు పోగు చేసుకొస్తుంది. బూడిదా కొబ్బరిపీచూ పెట్టి తోముతుంది. పున్నమి మర్నాడు ఊరంతా కూడే భాగవతం గదిలో కుండలో వేసి, ఒక్కొక్కటే తీసి, కాలువ పొడుగునా చేపల బోన్లు పాతుకునే తావులు పంచుతారు. ఎవరి గుండుకి ఏ తావు పడితే ఆ ఏడంతా వాళ్ళ వేట అక్కడే. అత్తగారి చేతినుంచి నిశామణికి వచ్చిన పని అది. ఇప్పుడామెకు అరవై ఆరేళ్ళు.

ఆ మంగళవారం మధ్యాహ్నం ముప్పై ఏడో గుండు తోముతుండగా రేవు వైపునుంచి ఆడవాళ్ళు శుభానికి నాలుక ఆడిస్తూ చేసే హులహుళి ధ్వని లేచింది. ఒక ఆడది మొదలుపెడితే పదిమంది అందుకున్నారు. పెళ్ళి లేదు, పురుడు లేదు, ఏమిటీ సందడి అని తలెత్తేసరికి కొడుకు అగణి వాకిట్లోకి దూసుకొచ్చాడు. కాళ్ళకు బురద, ఒంటికి చెమట, ముఖమంతా పళ్ళే.

"అమ్మా! కోర్టు అమీను బాబు వస్తన్నాడే! ఎల్లుండే! పోలీసుల్ని కూడా తెస్తన్నాడంట. మహాజన్ రొయ్యల దొడ్డి పీకేస్తారు!"

నిశామణి చేతిలో గుండు అలాగే ఆగిపోయింది. "నిజమేనా? కాగితం చూసినావా?"

"బాబాయి చేతిలో ఉంది. తడవకుండా లుంగీలో చుట్టుకొచ్చినాడు."

వెనకే ధ్రువ బెహరా వచ్చాడు. నిశామణికి మరిది, ఊరికి పెద్ద. చిలిక నీళ్ళలో గుంజలు పాతి దొడ్డి కట్టుకున్న పట్నం షావుకారు మహాజన్ మీద తొమ్మిదేళ్ళు కోర్టుకి తిరిగి తిరిగి మనిషి సగమయ్యాడు. వాయిదా వేస్తే వెనక్కి రావడం, మళ్ళీ పోవడం. ఆ తొమ్మిదేళ్ళలో ఏడు జతల చెప్పులు అరిగాయని ఊరంతా వేళాకోళం చేసేది. ఇవాళ కాగితం విప్పి వదిన ముందు పెట్టాడు. ఆమెకు చదవడం రాదు. అయినా ఎర్రముద్ర మీద వేలు పెట్టి చూసింది.

"నీ గుండ్లే గెలిపించినాయి వదినా. వకీలు అదే అన్నాడు. జడ్జి బాబు బల్ల మీద నువ్వు నలభై ఒక్కటీ వరసగా పేర్చినావు చూడు, 'పొయ్యికో గుండు బాబూ, మా దీవిలో ఎక్కువా తక్కువా లేదు, ఈ నీళ్ళు మా తాతలనాటినుంచి ఇలగే పంచుకుంటన్నాం' అన్నావు చూడు, అదే రాసినాడంట తీర్పులో."

"నేను నిజం చెప్పినాను. గెలిచినోడివి నువ్వు," అంది నిశామణి. మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. ధ్రువ తాగలేదు. చెంబు అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నాడు. ఇంత మంచి కబురు తెచ్చినవాడు ఇలా ఎందుకున్నాడని ఆమె చూస్తోంది.

"ఎన్ని కడిగినావు?"

"ముప్పై ఏడు. ఇంకో నాలుగున్నాయి."

"నలభై దగ్గర ఆపీ వదినా."

ఆమెకు అర్థం కాలేదు. ధ్రువ గొంతు తగ్గించాడు. "దొడ్డి కట్టినకాణ్ణుంచీ కాలవ చివర మేట వేసీసింది కదా. ఆఖరి తావు పూడిపోయింది. పైయేడు వానకి మళ్ళీ కొట్టుకుపోతాది. ఈ ఏడు మాత్రం తావులు నలభయ్యే. పొయ్యిలు నలభై ఒకటి. ఒకటి తగ్గించాలి."

"తగ్గించడమేటి?"

"రంభది," అన్నాడు అగణి గుమ్మం దగ్గరినుంచి. "దుశ్శాసన్ అన్న పోయినాడు. గుంజ పాతడానికి ఆ ఇంట్లో మగాడు లేడు. తావు ఇచ్చినా ఏం చేసుకుంటాది? ఎవడికో కౌలుకిచ్చుకుంటాది."

"అదే నా బెంగ కూడా," అన్నాడు ధ్రువ. "పక్క దీవిలో ఏమయింది? దిక్కులేని ఇద్దరు ఆడోళ్ళు తావులు పైవాళ్ళకిచ్చినారు. ఆ పైవాళ్ళ వెనకాల ఎవడున్నాడు? మహాజనే. అలా మొదలైందే కదా ఈ దొడ్డి. ఒక్క ఏడు వదినా. పైయేడు దాని గుండు దానికే. ఈలోగా తలా కాస్త బియ్యం వేస్తాం, ఆకలి పడనివ్వం."

చెడ్డ మనసుతో అన్న మాట కాదది. చెడ్డ మనసుతో అనుంటే నిశామణి అక్కడే నాలుగు మాటలు అంటించేది. ఆమె చేటలోకి చూసింది. ఇంకా తోమని నాలుగింటిలో పీత గుర్తుది ఉంది. రంభ ఇంటి గుండు. దాని పక్కన తన ఇంటిది, రెండు తెడ్లు అడ్డంగా గీసినది.

"అందరూ ఒప్పుకున్నారు," అన్నాడు అగణి. "నువ్వు కాదంటే, పూడిన తావు ఎవడి నెత్తిన పడతాదో ఎవడికి తెలుసు? మన నెత్తినే పడొచ్చు."

ఆ మాట వినగానే ఆమె చెయ్యి దానంతటదే కదిలింది. పీత గుండు తీసి, తోమకుండానే, కొంగు చివర ముడివేసింది. మిగిలిన మూడూ తోమింది. ధ్రువ అప్పుడు నీళ్ళు తాగి వెళ్ళాడు.

మర్నాడు పొద్దున రంభ ఇంటి మీదుగా పోకూడదనే అనుకుంది నిశామణి. కానీ ఎండుచేపలు ఆరేసే చోటికి దారి అదొక్కటే. రంభ వాకిట్లో కూర్చుని వెదురు చీలుస్తోంది. ముప్పై ఏళ్ళుంటాయేమో. గాజులు లేని చేతులు చురుగ్గా కదులుతున్నాయి. కత్తి వెదురు కణుపు దగ్గర ఆగినప్పుడల్లా పెదవి బిగించి, ఒక్క ఊపున తోస్తోంది. పొయ్యి మీద ఏదో ఉడుకుతున్నట్టుంది, తాటాకు కప్పులోంచి పొగ సన్నగా లేస్తోంది. రథయాత్ర తుఫానులో మొగుడు పోయాడు. నాలుగు నెలలు కూడా కాలేదు.

"అత్తా, రా, కూకో. నా పీతని కడిగీసినావా?"

"కడుగుతాను," అంది నిశామణి. కూర్చోలేదు.

"బాగా తోము. ఈసారి మంచి తావు పడాలి దానికి. చూడు, గుంజలన్నీ నానబెట్టినాను. డెబ్భై రెండున్నాయి. ఆయన పోయినేడు వాడినవే, పుచ్చిపోయినవి తీసేసి కొత్తవి చేర్చినాను. బోను దడులు నేనే అల్లుతున్నాను. నావకి గడ వెయ్యడం నాకు రాదేటి? పెళ్ళికి ముందు మా పుట్టింట్లో ఎవరు వేసేవాళ్ళు మరి! గుంజ లోతుగా పాతడానికే ఒక మనిషి కావాలి. సగం వాటా ఇస్తానంటే ఎవడో ఒకడు రాకపోడు."

"కౌలుకియ్యవా?"

"ఎవడికి? ఆ మహాజన్ గాడికా?" రంభ పకపకా నవ్వింది. "వాడి దొడ్డి తాళ్ళే కదా అత్తా, ఆ తుఫానులో ఆయన నావకి చుట్టుకున్నాయి. వాడికి తావివ్వడం కన్నా నేను సముద్రంలో దిగిపోతాను."

నిశామణి కొంగు సర్దుకుంది. రంభ ఆమె కేసి చూసి, కత్తి పక్కన పెట్టింది. "అత్తా, నీ కొంగుకి ఆ మసి ఏటి?"

తెల్ల చీర. ముడి చుట్టూ నల్లటి మరక అరచేతి మేర పాకింది.

"గుండ్లు తోమినాను కదా, అంటుకుంది," అంది నిశామణి. ఇంటికొచ్చి నీళ్ళలో నానిన చద్దన్నం, పఖాళ కంచం ముందు కూర్చుంది. వేయించిన ఎండుచేప, పచ్చిమిరపకాయ, ఉల్లిపాయ, అన్నీ ఉన్నాయి. ముద్ద నోటిదాకా పోలేదు. "నా మొగుడు పోయిన ఏడు నా గుండు ఎవరూ తీసెయ్యలేదే," అని పైకే అంది. వినడానికి ఎవరూ లేరు. మొగుడు పోయేనాటికి అగణి మూడేళ్ళవాడు.

గురువారం అమీను వచ్చాడు. కోర్టు మనిషి అంటే ఎంత ఘనంగా ఉంటాడో అని దీవి అంతా రేవుకి పరిగెత్తింది. దిగింది చూస్తే బక్కపల్చని మనిషి, యాభై దాటాయి. మెడలో తాడుతో కట్టిన ప్లాస్టిక్ సంచీ, సంచీలో కాగితం. చెప్పులు చేత్తో పట్టుకుని, నీళ్ళలో కాలు పెట్టడానికి భయపడుతున్నాడు. వెంట ఇద్దరు పోలీసులు, గుంజలు పీకడానికి ఎనిమిదిమంది కూలీలు.

పాత హద్దులు తెలిసిన మనిషి కావాలన్నాడు. అందరూ నిశామణి పేరు చెప్పారు. ఆమెనీ ధ్రువనీ తన నావలో ఎక్కించుకున్నాడు. అగణి గడ వేస్తున్నాడు. పావుకోసు పోకముందే అమీను నావ అంచు మీదకి వంగి డోకుకున్నాడు.

"ఎన్నేళ్ళుగా చేస్తన్నారు బాబూ ఈ పని?" అని నిశామణి ఉప్పులో ఊరిన నిమ్మబద్ద అందించింది.

"ఇరవై ఆరేళ్ళమ్మా. నీళ్ళ మీద ఇదే మొదటిసారి. మామూలుగా తాళాలు పగలగొడుతుంటాను, ఆవుల్ని జప్తు చేస్తుంటాను." నిమ్మబద్ద చప్పరించాడు. "ఆవు ఇలా ఊగదు."

పోలీసులు కూడా నవ్వారు.

దొడ్డి దగ్గరకు వచ్చేసరికి మహాజన్ మేనేజరు లోకనాథ్ మోటారు నావలో ఎదురొచ్చాడు. తెల్ల ప్యాంటు, నల్ల కళ్ళజోడు. గొడవ పడలేదు. అమీనుకి దణ్ణం పెట్టి, ఫ్లాస్కులోంచి టీ పోయబోయాడు. అమీను వద్దని చెయ్యి ఊపాడు, వాంతి భయానికో మరి దేనికో. కూలీలు పని మొదలుపెట్టారు. ఒక్కొక్క గుంజకీ తాడు కట్టి, ఇద్దరు లాగి, ఊపి, పైకి తీస్తుంటే బురద బుడగలు తేలుతున్నాయి. ఒక్కో గుంజ నావలో పడినప్పుడల్లా అమీను కాగితం మీద ఒక గీత గీస్తున్నాడు. నాలుగు గీతలు కాగానే ఐదోది అడ్డంగా. మధ్యలో డోకు వస్తే ఆగి, మళ్ళీ గీస్తున్నాడు.

పొద్దు వాలేసరికి ఈశాన్యం మూల ఒక్కటే మిగిలింది.

"అయ్యా, ఆ మూల ఒక్కటీ వదిలెయ్యండి," అన్నాడు లోకనాథ్. "అందులో రొయ్య పట్టుకు వచ్చేసింది. వారం రోజులు. ఎవరికీ అడ్డం లేదు. దానికెదురుగా ఒక్కడి తావు ఉంది, అంతే. ఆ ఒక్కడికీ నేను నచ్చజెప్పుకుంటాను. ఒక్కడికోసం ఇంత నష్టమా?"

ధ్రువ నావలోనే లేచి నిలబడ్డాడు. నావ ఊగింది. "ఒక్కడైతే మాత్రం? ఒక్కడికి అన్యాయమైతే అది అన్యాయం కాదా? తొమ్మిదేళ్ళు తిరిగింది దేనికి? ఒక్క గుంజ కూడా ఉండడానికి వీల్లేదు!"

నిశామణి తలెత్తి మరిదిని చూసింది. అతను ఆమెను చూడలేదు. ఆమె చెయ్యి కొంగు ముడి మీద ఉంది.

"మీ ఊరి సంగతి నాకు తెలియదనుకుంటున్నావా బెహరా?" అని లోకనాథ్ నవ్వాడు. "మీలో మీరు ఒకళ్ళని తీసెయ్యట్లేదా? ఈసారి కుండలో ఎన్ని గుండ్లు వేస్తున్నారు? కోర్టులో అయితే నలభై ఒకటి అన్నారు."

ధ్రువ ముఖం నల్లబడింది. అమీనుకి ఆ గొడవేమీ తెలియదు. మూలగుతూ లేచి, కాగితం కళ్ళకు దగ్గరగా పెట్టుకున్నాడు.

"లోకనాథ్ బాబూ, నేను దీని కింద 'అమలైంది' అని ఒక్క మాట రాసి సంతకం చెయ్యాలి. 'చాలావరకు అమలైంది' అని రాయడానికి నాకు గడి ఇవ్వలేదు. ఆ మూల వదిలేస్తే ఏం రాయను?"

"నీళ్ళ కింద ఎవరు చూడొచ్చారు?"

"నేను చూశాను కదా," అన్నాడు అమీను.

అంత నెమ్మదిగా అన్న మాట మోటారు చప్పుడులో ఎవరికి వినబడిందో తెలియదు. నిశామణికి మాత్రం వినబడింది. ఆఖరి గుంజ పైకి వచ్చినప్పుడు కూలీలు కేక పెట్టారు. అమీను అడ్డగీత గీసి, కళ్ళు మూసుకుని, నావ అడుగున వెల్లకిలా పడుకున్నాడు. తిరుగు దారిలో ఆడపిల్లలు రేవు ఇసుకలో కుమార పున్నమి ఆట ఆడుతూ కనిపించారు. కొత్త గౌన్లతో గొంతుక్కూర్చుని గెంతుతున్నారు.

శుక్రవారం పొద్దున్నే భాగవతం గది నిండిపోయింది. మగాళ్ళు లోపల, ఆడవాళ్ళు కిటికీల దగ్గర. తాటాకు గ్రంథం ముందు సాధు తాత కూర్చున్నాడు. కళ్ళు పోయి ఇరవై ఏళ్ళయినా గ్రంథమంతా నోటికి చెబుతాడు. గుండ్లు తీసేది ఆయనే. గుర్తు తడిమినా గుర్తుపట్టలేడు, వేళ్ళు కూడా మొద్దుబారాయి. అందుకే ఆయన చేతిని ఎవరూ శంకించరు.

నిశామణి చాప మీద గుండ్లు పోసింది. ఆచారం ప్రకారం పైకి లెక్కపెడుతూ ఒక్కొక్కటే కుండలో వేసింది. టక్, టక్, టక్. నలభై దగ్గర ఆగింది.

"ఇంకోటి పడలేదే," అన్నాడు సాధు తాత.

ధ్రువ లేచాడు. సంగతి చెప్పాడు, మంగళవారం చెప్పినట్టే, అదే మెత్తగా. కిటికీ దగ్గర ఎవరో "ఓలమ్మో" అన్నారు. రంభ అక్కడే ఉంది. కిటికీ ఊచ పట్టుకున్న చేతులు మాత్రం కనిపిస్తున్నాయి.

"ఇది నా ఒక్కడి మాట కాదు," అన్నాడు ధ్రువ. "అందరూ పెద్దలే. ఓటు వేద్దాం. ఈ ఏడుకి ఆ గుండు ఆపాలన్నోళ్ళు చెయ్యెత్తండి."

చేతులు లేచాయి. కొన్ని గబుక్కున, కొన్ని పక్కవాడిని చూసి. అగణి చెయ్యి మొదటే లేచింది. మొత్తం ముప్పై ఎనిమిది.

"తేలిపోయింది కదా," అన్నాడు ధ్రువ. "తాతా, తియ్యి."

"ఆగండి," అంది నిశామణి.

ఆ గదిలో అంతవరకూ ఆడదాని గొంతు లెక్కపెట్టడానికి తప్ప లేవలేదు. ఆమె కొంగు ముడి విప్పసాగింది. మూడు రోజుల ముడి, బిగుసుకుపోయింది. పంటితో లాగింది. పెదవికి మసి అంటింది. గుండు తీసి అరచేతిలో పెట్టుకుని అందరికీ చూపించింది. చెయ్యి నల్లగా అయింది.

"దీన్ని నేను తోమలేదు. ఆ మంగళవారం పొద్దున రంభ పొయ్యి పక్కన తీసింది తీసినట్టే ఉంది. చూడండి, వేలికి ఎంత మసి వస్తన్నాదో. ఆరిపోయిన పొయ్యి మసి ఇలగుంటాదా? మన మాటేటి? పొయ్యి వెలిగినంత కాలం గుండు ఉంటాది. పొయ్యి ఆరితేనే గుండు చిలికలో కలపాలి. ఏదీ, ఎవరు చూసినారు ఆ పొయ్యి ఆరడం?"

"వదినా, ఓటయిపోయింది," అన్నాడు ధ్రువ.

"మంచిది. చేతుల లెక్కే లెక్కయితే ఒకటడుగుతాను మరిదీ, చెప్పు. మహాజన్ దగ్గర పనిచేసేవాళ్ళు ఎంతమంది? వాడి తిండి తిన్నోళ్ళు ఎంతమంది? పట్నంలో వాడికోసం ఎన్ని చేతులు లేస్తాయి? మన మఝికుద అంతా రెండు చేతులూ ఎత్తినా వాడి ముందు సరిపోతామా? జడ్జి బాబు ఆవేళ చేతులు లెక్కపెట్టుంటే ఈ చిలిక ఎవడిదయ్యేది?"

ఆమె మసి చెయ్యి కుండ అంచు మీద ఆనించింది.

"ఆయన చేతులు లెక్కపెట్టలేదు. గుండ్లు లెక్కపెట్టినాడు. ఆ బల్ల మీద నేను పేర్చినవి, ఒకటి, రెండు, నలభై ఒకటి. కాళీజాయి తల్లి మీద ఒట్టేసి చెప్పినాను, పొయ్యికో గుండు, మా దగ్గర ఎక్కువా తక్కువా లేదు అని. ఆ మాట మీదే మీరు గెలిచినారు. ఇప్పుడు నలభై వేస్తే, నేను మళ్ళీ పట్నం పోయి, 'బాబూ, నేను అబద్ధమాడినాను' అని చెప్పొస్తాను. ఏది చెయ్యమంటారో మీరే చెప్పండి. అక్కడో మాట, ఇక్కడో మాట నాకు చేతకాదు."

"అది కోర్టులో మాటే అమ్మా, ఇది ఇంట్లో మాట," అన్నాడు అగణి. ముఖం ఎర్రగా ఉంది.

"ఇంట్లో లేని మాట కోర్టులో ఎలా చెప్పినాను రా?"

సాధు తాత గొంతు సవరించుకున్నాడు. "తావులు తక్కువైతే ఏం చెయ్యాలో పెద్దోళ్ళు చెప్పే పోయినారు. మా తాత హయాంలో ఒకసారి జరిగింది. అన్ని గుండ్లూ వెయ్యాలి. ఆఖర్న కుండలో ఎవడిది మిగిలితే వాడికి తావు లేదు. ఆ ఏడంతా ప్రతి నావా వాడింటికి దోసెడు చేప పెట్టాలి. అది ఎవడింటి మీద పడినా సరే."

"ఎవడింటి మీద పడినా," అని వెనకనుంచి ఎవడో గొణిగాడు, అది తన ఇంటి మీదే పడుతుందేమో అన్న భయంతో.

ధ్రువ నిలబడే ఉన్నాడు. నిన్న నావలో నిలబడ్డట్టే. అతని కళ్ళు వదిన పెదవి మీది మసి మీద ఉన్నాయి. తర్వాత వంగి, కుండను రెండు చేతులా ఎత్తి ఆమె ముందుకు జరిపాడు.

"వెయ్యి వదినా. నిన్న నావలో నేనన్న మాట నలుగురిలో తిరిగి నాకే అప్పజెప్పలేదు నువ్వు. అంతవరకు మంచిదానివే."

టక్. నలభై ఒకటి.

సాధు తాత తియ్యడం మొదలుపెట్టాడు. ఒక్కో తావు పేరు ధ్రువ చెబుతాడు, తాత గుండు తీస్తాడు, నిశామణి గుర్తు చూసి పిలుస్తుంది. కొంగ. చుక్కాని. తామరాకు. పిలవగానే ఆ ఇంటివాడు "హరిబోల్" అని లేస్తాడు. ఏడో తావుకి పీత వచ్చింది. ఏడోది బంగారంలాంటి తావు. మసి గుండు అది ఒక్కటే, తాత చెయ్యి కూడా నల్లబడింది. కిటికీ దగ్గర హులహుళి లేచి, ఆడవాళ్ళు రంభ వీపు మీద చరిచారు. లోపలినుంచి ఎవరూ "హరిబోల్" అనలేదు. ధ్రువే అన్నాడు.

పది అయ్యాయి. ఇరవై అయ్యాయి. కుండలో చప్పుడు పల్చబడుతోంది. ముప్పయ్యోది తీసేవేళకి నిశామణికి మనసులో ఒక లెక్క మొదలైంది. ముప్పై ఐదు తర్వాత ఆమె పిలిచే గొంతు తగ్గింది. ఏ ఇల్లు అయిందో ఏది కాలేదో ఆ గదిలో ఆమె ఒక్కతికే పూర్తిగా తెలుసు. ముప్పై తొమ్మిది, శంఖం. నలభై. తాత చెయ్యి కుండ అడుగున రెండు గుండ్లను దొర్లించి, ఒకటి పట్టి, వదిలి, రెండోది తీశాడు.

నిశామణి చూసింది. "వెదురాకు," అని పిలిచింది.

మిగిలినదాన్ని కుండ కాపుదారే తన చేత్తో తియ్యాలి. ఆమె చెయ్యి పెట్టింది. చూడక్కర్లేదు, అయినా చూసింది. రెండు తెడ్లు, అడ్డంగా.

అగణి లేచి, ఎవరినీ తోసుకోకుండానే, అందరి మధ్యలోంచి బయటకు వెళ్ళిపోయాడు.

శనివారం తెల్లవారింది, గుంజలు పాతే రోజు. దీవి అంతా రేవులోనే ఉంది. నావల మీద వెదురు గుంజలు, దడులు, తాళ్ళు, కేకలు. అగణి బోర్లించిన తమ నావ మీద కూర్చున్నాడు, నిన్నటినుంచి ఏమీ తినలేదు. నిశామణి అతని పక్కన నీళ్ళచెంబు పెట్టి వచ్చి గుమ్మంలో కూర్చుని, కొంగు బూడిదతో రుద్దుకుంటోంది. మరక పోవడం లేదు.

రేవులో రంభ మోకాలు లోతు నీళ్ళలో నిలబడి గుంజలు నావలోకి చేరుస్తోంది. ఒక్కొక్కటీ భుజాన ఎత్తుకొచ్చి, అంచు మీద ఆనించి, లోపలికి తోస్తోంది. సాయం వస్తానన్న మనిషి తన తావు చూసుకోవడానికి పోయినట్టున్నాడు. ఒక గుంజ జారి నీళ్ళలో పడింది. తీసుకుని మళ్ళీ ఎత్తింది. అగణిని చూసింది.

"ఏం మరిదీ! గుంజ పాతడానికి మగాడే కావాలంట కదా. దీవిలో ఎక్కడైనా ఖాళీగా ఉంటే ఒకణ్ణి చెప్పు మరి, సగం వాటా ఇస్తాను."

పక్క నావల వాళ్ళు పని ఆపారు. అగణి మెడ దాకా ఎర్రబడింది. లేచి ఇంటికేసి రాలేదు, అలాగని రేవులోకీ దిగలేదు. నేల చూస్తూ నిలబడ్డాడు. ఇంకో గుంజ జారబోయింది. ఈసారి అది నీళ్ళలో పడలేదు. రెండంగల్లో వెళ్ళి పట్టుకున్నాడు.

"ఎన్నున్నాయి వదినా?"

"డెబ్భై రెండు."

"ఏడో తావులో ప్రవాహం ఎక్కువ. ఎనభై లేకపోతే దడి నిలబడదు."

"ఎనభై ఎక్కణ్ణుంచి తేను?"

"మా ఇంటి వెనకాల నానుతున్నాయి. వాటికేటి పని ఈ ఏడు?" అని గుంజని నావలోకి తోసి, చేతులు తుడుచుకుని, గట్టు ఎక్కి ఇంటికేసి వచ్చాడు. తల్లి పక్కనుంచి వెళ్తూ ఆగాడు. ఆమె ముఖం చూడలేదు. కొంగు మీది మరక చూశాడు.

"అమ్మా, పఖాళ ఇద్దరికి కట్టు."

నిశామణి కొంగు వదిలేసి లేచింది. కుండలోంచి అన్నం తీస్తూ, "మిరపకాయ రెండు ఎక్కువే పెట్టాలి, రంభ కారం తింటాది," అనుకుంటూ ఉట్టి మీదికి చెయ్యి చాపింది.